గిన్నె పనిలో ఉంది

త్రినాథ్‌కి వచ్చిన చిక్కల్లా, తప్పు ఎక్కడుందో అతనికి కనిపించకపోవడమే. కనిపించని తప్పు లేనట్టేనని అతను తీర్మానించుకున్నాడు. విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీలో ప్రోగ్రాములు రాసి, విసిగిపోయి, మా ఆశ్రమానికి వచ్చి ఉండిపోయిన మనిషి అతను. మంచివాడు, తెలివైనవాడు. తెలివైనవాడినన్న సంగతిని మాత్రం పట్నంలో వదిలిపెట్టి రాలేదు.

మా ఆశ్రమం మన్యం కొండల కింద, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఉంది. మా గురువు పరిపూర్ణమ్మగారు. అందరం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ ధ్యానం నేర్పుతారని విని దూరాల నుంచి మనుషులొస్తారు. వచ్చినవాళ్ళ చేత ముందు చిక్కుళ్ళు ఒలిపిస్తారు. నేనూ అలా వచ్చినవాడినే. ఇప్పుడు వంటింట్లో వడ్డన నాది.

ఆశ్రమానికి చిన్న ఆసుపత్రి ఒకటి, జీపు ఒకటి ఉన్నాయి. కొండ మీది ఊళ్ళలో వైద్య కేంద్రాలున్నాయి, ఒక్కో కేంద్రంలో ఒక్కో నర్సు. పైన ఫోను పలకదు. ఆశ్రమం పెట్టించిన డిష్ మీద ఇంటర్నెట్ సన్నగా వస్తుంది. మాట మోసేంత బలం దానికి లేదు, అక్షరాలైతే మోస్తుంది. అందుకని త్రినాథ్ నర్సుల కోసం ఒక వెబ్‌సైట్ తయారుచేశాడు. మందులు అడగాలన్నా, రోగుల వివరాలు రాయాలన్నా, నెలాఖరుకి నివేదిక తియ్యాలన్నా అందులోనే. జీపు పిలవాలన్నా అందులోనే. పైన నర్సు జీపు బొత్తం నొక్కితే ఇక్కడ షెడ్డులో గంట మోగుతుంది, డ్రైవరు సింహాద్రి బండి తీస్తాడు.

అందరికన్నా పైనున్న ఊళ్ళో నర్సు పాంగి సుభద్ర. ఆ అమ్మాయి వెళ్ళకముందు ఆ కేంద్రానికి చాలాకాలం తాళమే. వెళ్ళినవాళ్ళెవరూ నిలవలేదు. సుభద్ర నిలిచింది.

సుభద్ర వెబ్‌సైట్ గురించి అంతకుముందే ఫిర్యాదు చేసింది. అప్పుడప్పుడు తెర మీద గుండ్రం తిరుగుతుందే తప్ప ఏ బొత్తమూ పలకదని. త్రినాథ్ తన కంప్యూటర్లో అన్నీ నొక్కి చూశాడు. అన్నీ పలికాయి. మిగతా నర్సులని అడిగితే వాళ్ళకీ బాగానే ఉందన్నారు. లోపం సుభద్ర దగ్గర డిష్‌లో ఉందని తేల్చేశాడు.

ఆ నెలాఖరు రోజున సుభద్ర పొద్దున్నే నివేదిక బొత్తం నొక్కింది. అది తయారవుతుండగానే నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని మోసుకొచ్చారు. సుభద్ర జీపు బొత్తం నొక్కింది. గుండ్రం తిరిగింది. మళ్ళీ నొక్కింది. ఆ అమ్మాయి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నొక్కుతూనే ఉంది. లాభం లేదని ఆఖరికి డోలీ కట్టించి, తనూ వాళ్ళతో కొండ దిగడం మొదలుపెట్టింది. సగం దారిలో, రాళ్ళ మధ్య, ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారు.

ఇక్కడేమో ఆ రోజు షెడ్డులో గంట, పట్టిన దెయ్యం వదలనట్టు, ఆగకుండా మోగింది. సుభద్ర నొక్కిన నొక్కులన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. సింహాద్రి కంగారుపడి బండి తీసి, దారిలో డోలీకి ఎదురెళ్ళి అందరినీ ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

మర్నాడు పొద్దున సుభద్ర అమ్మగారి దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మగారూ, నన్ను కిందకి మార్చెయ్యండి. ఏ ఊరైనా పర్వానేదు. ఫోను పలికే చోటు చాలు."

"పైకి ఇంకెవరు వెళ్తారు తల్లీ?"

"నాకు తెలీదమ్మగారూ. పిలిస్తే బండి రాని చోట నేనుండలేను. నిన్న దేవుడు దయ చూసాడు. రేపు చూడకపోతే ఆ తల్లికి నేనేటని చెప్పాల?"

త్రినాథ్ అక్కడే ఉన్నాడు. ఊరుకుంటే బాగుండేది, ఊరుకోలేదు.

"సుభద్రగారూ, మీరు అన్నిసార్లు నొక్కకూడదండీ. గంట ఎన్నిసార్లు మోగిందో సింహాద్రిని అడగండి. ఓసారి నొక్కి కాస్త ఓపిక పట్టాలి."

"ఓపికా?" అంది సుభద్ర. "నివేదిక నొక్కితే అరగంట పైనే పడతంది త్రినాథన్నా. అది అయ్యేవరకూ ఇంకేటీ కదలదు."

"నాకు క్షణంలో వస్తుందే."

సుభద్ర అతని వంక ఓసారి చూసి, పసిబిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం బండి పైకి వెళ్ళాలి. అది సుభద్రని తీసుకెళ్తుందో, ఆమె సామాను తేవడానికి ఖాళీగా వెళ్తుందో ఎవరికీ తెలియదు.

ఆమె వెళ్ళాక త్రినాథ్ అమ్మగారి ముందు కూర్చున్నాడు.

"మీరైనా చెప్పండి అమ్మగారూ. ఇందులో నా తప్పు లేదు. నిన్న ఆ టైములో మిగతా అందరికీ బాగానే పనిచేసింది. ఆవిడ ఒక్కరికే ఆగింది."

"ఆమెకి ఒక్కదానికే ఎందుకాగింది నాన్నా?"

"అదే తెలీదండీ. నేనైతే చాలా జాగ్రత్తగా రాశాను." అని వివరించడం మొదలుపెట్టాడు. "పొద్దున్న ఆవిడ పేరు చెప్పి లోపలికొస్తారు కదండీ. అప్పుడు ఆవిడ పేరు మీద ఒక చీటీ తెరుస్తాను. ఆవిడెవరు, ఏ ఊరు, ఏ రోగి వివరం చూస్తున్నారు, అన్నీ అందులో ఉంటాయి. సెషన్ అంటాం దాన్ని. ఎవరి చీటీ వాళ్ళదే. ఆవిడ ఏది అడిగినా ముందు ఆ చీటీ చేతిలోకి తీసుకుంటాను. అడిగిన పని పూర్తయ్యేదాకా దానికి తాళం. ఇంకో పని వచ్చి దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. పని అయ్యాకే తాళం తీస్తాను." చెబుతున్నకొద్దీ అతని మొహం వెలిగింది. "మొదలుపెట్టిన దగ్గర్నించీ ఇవాళ్టిదాకా ఒకరి వివరం ఇంకొకరిదాంట్లో కలవలేదండీ. ఒక్కసారి కూడా."

అమ్మగారు తలూపారు. మెచ్చుకున్నారని అతను అనుకున్నాడు. నిజానికి మెచ్చుకున్నారు కూడా.

"సుభద్రకి పాయసం కాస్తాను. నిన్నటినుంచి పిల్ల సరిగ్గా తిననేదు," అంటూ లేచారు. "సామలు కొలవాలి. నీ గిన్నె ఓసారి పట్రా నాన్నా."

మా దగ్గర ఒక పద్ధతుంది. ఆశ్రమంలో ఉండేవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో స్టీలు గిన్నె. దాని మీద పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. ఎవరి గిన్నెలో వాళ్ళే తినాలి, ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలి. ఇంకొకరి గిన్నెలో తినడానికి లేదు. అతిథులకి అడ్డాకుల విస్తర్లు. ఈ విషయంలో అమ్మగారు ఎంత ప్రేమగా ఉంటారో అంత కచ్చితంగానూ ఉంటారు.

త్రినాథ్ గిన్నె తెచ్చి ఇచ్చాడు. అమ్మగారు దాంతో సామలు కొలిచి, కడిగి, మరుగుతున్న పాలలో పోశారు. పొయ్యి మంట తగ్గించి, పీట మీద కూర్చుని, గరిటె తిప్పడం మొదలుపెట్టారు. గిన్నెని ఒళ్ళో పెట్టుకున్నారు.

కాసేపటికి భోజనాల గంట కొట్టాను. అందరూ వరసగా కూర్చున్నారు. ఆ పూట వేడి అన్నం, కందిపప్పు, వంకాయ పులుసు. త్రినాథ్‌కి వంకాయ పులుసంటే ఎంతిష్టమో మా అందరికీ తెలుసు. అతను తన చోట కూర్చుని, ముందు ఏమీ లేదని గ్రహించి, లేచి వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మగారూ, నా గిన్నె."

"పనిలో ఉంది నాన్నా."

"ఎంతసేపండీ?"

"పాయసం అయ్యేదాకా."

అతను వెనక్కెళ్ళి కూర్చున్నాడు. నేను వరసలో వడ్డించుకుంటూ వచ్చి, అతని దగ్గర ఆగి, గిన్నె లేదు గనక పక్కవాళ్ళ దగ్గరికి జరిగాను. మిగతావాళ్ళు కలుపుకుంటున్నారు, జుర్రుకుంటున్నారు, మారు వడ్డించమంటున్నారు. పులుసు వాసన ఊరంతా తెలిసేలా ఉంది. త్రినాథ్ కాసేపు గోడ చూశాడు, కాసేపు పైకప్పు చూశాడు. మళ్ళీ లేచి వచ్చాడు.

"అమ్మగారూ..."

"పనిలోనే ఉంది నాన్నా."

"పోనీ ఒక విస్తరిలో తినేస్తాను," అని నా వంక తిరిగాడు.

"విస్తర్లు అతిథులకి కదా బాబూ," అన్నాను. నాకు నవ్వొస్తోంది గాని ఆపుకున్నాను. అమ్మగారు ఏదో మొదలుపెట్టారని అప్పటికి నాకర్థమైంది. ఏమిటన్నది మాత్రం అర్థం కాలేదు.

మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆకలితో మొహం చిన్నబోయింది.

"ఎన్నిసార్లు అడుగుతావు?" అన్నారు అమ్మగారు, గరిటె తిప్పుతూనే. "ఓసారి అడిగాక కాస్త ఓపిక పట్టాలి కదా."

"ఆకలేస్తోందండీ."

"అందరూ తింటన్నారు కదా. అక్కడ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నీకొక్కడికే ఏటొచ్చింది?"

ఆ మాటకి త్రినాథ్‌కి కోపం వచ్చింది. గురువు మీద కోపం రావడం మా ఆశ్రమంలో నేరమేమీ కాదు, అందరికీ వచ్చేదే.

"కొలవడం ఎప్పుడో అయిపోయింది కదండీ. సామలు కుండలో పడ్డాయి. ఇప్పుడు మీరు చేస్తున్నదానికి గిన్నెతో పనేముంది? ఒళ్ళో ఊరికే పెట్టుకుని కూర్చున్నారు. నాది నాకిచ్చేస్తే మీ పాయసం మీరు ఎంతసేపైనా..."

అక్కడ ఆగిపోయాడు.

నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. అమ్మగారు అతని వంక చూడలేదు. కుండ అడుగంటకుండా నిదానంగా తిప్పుతున్నారు. త్రినాథ్ మెల్లగా గడప మీద కూర్చుండిపోయాడు.

తనలో తను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నివేదికకి చీటీలోంచి కావలసింది ఎంత... పేరు, ఊరు, ఏ నెల. ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాతంతా లెక్కలే. ఆ అరగంటా చీటీతో నాకు పనే లేదు. అయినా వదల్లేదు. ఆవిడ జీపు బొత్తం నొక్కినప్పుడల్లా, అది ఆ చీటీ కోసం తలుపు దగ్గర నిలబడి ఉంది."

అమ్మగారు గరిటెని కుండ అంచుకి ఆనించారు.

"భయపడి పట్టుకున్నానమ్మగారూ. కంపెనీలో ఓసారి ఇద్దరి వివరాలు కలిసిపోయాయి. నా వల్లే. ఎవరికీ ఏం కాలేదు గాని, ఆ రోజు నుంచీ ఏదీ వదలాలంటే చేతులు రావు."

"తెలుసు నాన్నా. జాగ్రత్తగలవాడివి. పట్టుకున్నది కింద పడనివ్వవు. అందుకే నీ గిన్నె అడిగాను." అని అమ్మగారు ఆ గిన్నెని కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టారు. అతను గిన్నెతోనే కంప్యూటరు గదికి పరిగెత్తబోయాడు. "ముందు అన్నం తిను," అన్నారు.

నేనే వడ్డించాను. పులుసు చల్లారిపోయింది. అతను తలెత్తకుండా తిన్నాడు. ఎంత చదువుకున్నవాడో, ఎంత మొండివాడో, ఆ పూట అలా వంగి కూర్చుని తింటుంటే నా సొంత తమ్ముడిలా అనిపించి, చెప్పకుండానే ఇంకో గరిటె పులుసు వేశాను.

మజ్జిగ పట్టుకుని నేనూ అతని గదికి వెళ్ళాను. ఈసారి తన పేరుతో కాకుండా, సుభద్రని పిలిపించి, పక్కన కూర్చుని, ఆమె పేరుతో నివేదిక తీయించి చూశాడు. గుండ్రం తిరుగుతూనే ఉంది. అతని పేరు మీద ఉన్నది పరీక్షకి రాసుకున్న ఇద్దరు ముగ్గురు ఉత్తుత్తి రోగులు. సుభద్ర పేరు మీద ఒక కొండ మొత్తం ఉంది. జ్వరాలు, పాము కాట్లు, పురుళ్ళు, సూదులు, అన్నీ ఆమె రాసినవే. పనిచేసినకొద్దీ ఆమెకే నివేదిక ఆలస్యమైంది. త్రినాథ్ వాటిని ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాడు. సుభద్ర లేచి ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

తర్వాత పనిలో పడ్డాడు. మధ్యలో నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఊరికే చూసి పోయే పనులకి చీటీకి తాళం వెయ్యనక్కర్లేదట. ఎన్ని పనులైనా ఒకేసారి చూసుకోవచ్చట. చీటీ మీద రాసే పనులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి రావాలి. అవైనా రాసేసి వెంటనే తాళం తియ్యాలి. నివేదికలాంటి పెద్ద పనికైతే కావలసిన నాలుగు ముక్కలూ ముందే విడిగా రాసుకుని, చీటీ ఇచ్చేసి, వెనక గదిలో కూర్చుని చేసుకోవాలి. అడిగినవాళ్ళని గుమ్మంలో నిలబెట్టకూడదు.

"ఇది మీ వాళ్ళకి కొత్త సంగతా?" అనడిగాను.

"కాదు. అందరికీ తెలుసు. నాకూ తెలుసు," అన్నాడు.

పొద్దు వాలకముందే సుభద్రని మళ్ళీ పిలిచాడు. ఆమె ఒక చేత్తో పసిబిడ్డని ఎత్తుకునే వచ్చింది.

"మీ పేరుతో లోపలికెళ్ళండి. నివేదిక నొక్కండి."

ఆమె అతని వంక అనుమానంగా చూసి, నొక్కింది. తెర మీద గుండ్రం రాలేదు. ఒక మాట వచ్చింది. మీ నివేదిక తయారవుతోంది, కాగానే చెబుతాం, ఈలోగా మీ పనులు చూసుకోండి అని. సుభద్ర దాన్ని పెదాలు కదుపుతూ రెండోసారి కూడా చదువుకుంది.

"ఇప్పుడు జీపు నొక్కండి."

ఆమె వేలు బొత్తం మీద ఆగింది. నిన్న ఆ బొత్తాన్ని ఎంతసేపు నొక్కిందో ఆ వేలికి గుర్తుండి ఉంటుంది. నొక్కింది.

షెడ్డులో గంట మోగింది. ఒక్కసారే మోగింది. సింహాద్రి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏటమ్మా, ఎవరికి? ఎక్కడికెల్లాల?"

త్రినాథ్ అది పరీక్ష అని చెప్పబోయాడు. సుభద్ర బిడ్డని నా చేతుల్లో పెట్టింది.

"నాకే సింహాద్రన్నా. నా ఊరికి ఎల్లాల. పొద్దు పోకముందే తీసుకెల్లు."

నాకు కళ్ళు చెమర్చాయి. చేతుల్లో బిడ్డ ఉంది గనక తుడుచుకోలేదు.

సుభద్ర తన సంచి తెచ్చుకుని జీపులో కూర్చుంది. సింహాద్రి ఇంజను స్టార్ట్ చేశాడు. అమ్మగారు పాయసం క్యానులో పోసి, మూత గట్టిగా బిగించి ఆమె ఒళ్ళో పెట్టారు. అప్పుడు త్రినాథ్ వచ్చి జీపు తలుపు పట్టుకున్నాడు.

"సుభద్రగారూ, ఒక్క మాట. పొద్దున మిమ్మల్ని ఓపిక పట్టమన్నాను. అలా అనడం ఎంత తప్పో నాకు... అసలు మొదట్నుంచీ చెప్తాను. నేను కంపెనీలో ఉన్నప్పుడు..."

"పర్వానేదన్నా," అంది సుభద్ర.

"లేదు, మీరు వినాలి. మీరు రాసినవన్నీ ఇవాళ చూశాను. ఇన్ని వందల మందిని మీరు ఒక్కరే... నేనేమో డిష్ పాడైందని... ఆ అమ్మాయికి రాళ్ళ మధ్య అలా జరగడానికి..." తలుపు మాత్రం వదల్లేదు. అటు సుభద్రకీ కళ్ళనిండా నీళ్ళు. సింహాద్రి ఇంజను అరుపు కాస్త పెంచి, మళ్ళీ తగ్గించాడు. ఎవరూ కదలడం లేదు.

అమ్మగారు వెనక నుంచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నాన్నా, తలుపు వదులు. పైన ఆ పిల్ల కోసం ఎదురుచూస్తంటారు."

త్రినాథ్ మాట సగంలోనే ఆపి, చెయ్యి తీశాడు.